రావలసిన సొమ్ము: లెక్కలోను, చట్టములోను

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము బేరసారములకు పేరువడిన పట్టణములు. హిందూపురమున చింతపండు, బెల్లము, పట్టుగూళ్ళు అమ్ముడగును. ధర్మవరమున పట్టుచీరలు నేయుదురు. పెనుకొండ పరిసరములందు వేరుసెనగ పండింతురు. సరకు చేయి మారు దినమొకటి, సొమ్ము చేతికి వచ్చు దినము మరియొకటి యగుట ఇచట సామాన్యము. ఆ నడిమి కాలమున రైతుకు గాని, నేతగానికి గాని డబ్బు లేదు. కాని దానిని పొందు హక్కు కలదు. ఈ హక్కు ఏర్పడుటనే ‘ప్రాప్తి’ యనవచ్చును. ఇంగ్లీషువారు దీనిని ‘అక్రూవల్’ అందురు.

హక్కు ఎప్పుడు పుట్టును?

మగ్గముపై సగము నేసిన చీరకు శ్రమ పడియున్నను, ధర అడుగు హక్కు ఇంకను పుట్టలేదు. చేనిలోని వేరుసెనగయు అట్టిదే. చీర నేసి, ధర కుదుర్చుకొని, వర్తకునకు అప్పగించిన దినముననే హక్కు ప్రాప్తించును. 1954లో ఇ.డి. సాసూన్ కంపెనీ ఆదాయపు పన్ను వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇట్టి సూత్రమునే చెప్పినది: సొమ్ము పొందు హక్కు ఏర్పడినగాని ఆదాయము ప్రాప్తించినట్లు కాదు.

లెక్క పుస్తకము

ధర్మవరమున సొంత మగ్గముగల నేతగాడొకడు మార్చి 20వ తేదీన 9,000 రూపాయల చీర అప్పగించెననుకొందము. డబ్బు ఏప్రిల్ 15న ముట్టినది. ఆ చీరకై మార్చిలో తెచ్చిన పట్టునూలు, జరీలకు 5,000 రూపాయలు బాకీ యున్నాడు. వచ్చిన రొక్కమును, ఇచ్చిన రొక్కమును మాత్రమే వ్రాయువాని చిట్టాలో మార్చి 31 నాటికి ఈ చీరకు జమయు లేదు, ఖర్చును లేదు. రావలసినది, ఇవ్వవలసినది కూడ వ్రాయువాని లెక్కలో 4,000 రూపాయలు మిగులు కనబడును.

రెండవ పద్ధతి వాస్తవస్థితిని చక్కగా తెలుపును. అయినను ఇందు రెండు జాగ్రత్తలు కలవు. రావలసినది వ్రాసి, ఇవ్వవలసినది మరచినచో లేని లాభము కనబడును. రావలసిన సొమ్మును చేతిలోని సొమ్ముగా నెంచి పెండ్లికో పండుగకో ఖర్చు పెట్టినచో క్రొత్త అప్పు తప్పదు.

వడ్డీ నడక

ప్రాప్తికి మంచి ఉదాహరణము వడ్డీ. 20,000 రూపాయల అప్పునకు నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున నెలకు 300, అనగా దినమునకు 10 రూపాయలు. అడిగినను అడుగకున్నను, మనము నిద్రించుచున్నను, ఆ పది రూపాయలు చేరుచునే యుండును. మూడేండ్లకు బారువడ్డీ 10,800 రూపాయలు. ఏటేట వడ్డీని అసలులో కలిపినచో చక్రవడ్డీ ఇంచుమించు 12,860 అగును. కావున పత్రము వ్రాయునపుడే ఏ వడ్డీయో స్పష్టముగా అడిగి తెలిసికొనవలెను.

ఈ నడక మనకు మేలును చేయగలదు. 2010 ఏప్రిల్ 1 నుండి బ్యాంకులు పొదుపు ఖాతాలకు ఏ దినపు నిల్వపై ఆ దినమునకు వడ్డీ కట్టుచున్నవి. పుస్తకములో జమ పడుట మాత్రము తరువాత జరుగును.

పేరిన వడ్డీ అసలును మించి కుటుంబములను కూల్చుట చూచియే, ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమున నున్నపుడు 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసిరి. 1932 అక్టోబరు 1కి ముందటి రైతు ఋణములపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని అది రద్దుచేసినది.

కాలదోషము

హక్కు పుట్టిన దినముననే దాని గడువును మొదలగును. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, అడిగినపుడు చెల్లింతునని వ్రాసిన ప్రోనోటుపై పత్రము తేదీ నుండి మూడేండ్లలో దావా వేయవలెను; అడిగిన తేదీ నుండి కాదు. వాయిదా పెట్టక అరువిచ్చిన సరకునకు అప్పగించిన తేదీ నుండి మూడేండ్లు. వాయిదా యున్నచో అది తీరిన తేదీ నుండి మూడేండ్లు. “మనవాడే గదా” యని ఊరకున్నవాని పత్రమునకు కాలదోషము పట్టును.

గడువు తీరకమునుపే బాకీదారు బాకీ నొప్పుకొని వ్రాసి సంతకము చేసినను, కొంత చెల్లించి ఆ చెల్లును తన చేత వ్రాసినను, లేక దానిక్రింద సంతకము చేసినను, నాటినుండి క్రొత్త గడువు మొదలగును. నోటిమాట చాలదు. బాకీదారును ప్రతి చెల్లునకు రసీదు పొందవలెను. లేనిచో తీర్చిన సొమ్ముపైననే వడ్డీ మరల నడచును.

కావున ప్రతి ఇంటను ఒక పుస్తకముంచి, ఒకవైపున రావలసినవి, మరియొకవైపున ఇవ్వవలసినవి, తేదీలతో వ్రాసికొనుట మంచిది. నెలకొకసారి ఇంటివారందరు కూర్చుండి దానిని చదువుకొనవలెను. తేదీ వ్రాయని లెక్క కట్టలేని చెరువు వంటిది. అందు చేరిన నీరు నిలువదు.