గోడను చూశాకే రంగు

షేడ్ కార్డు చేతికి రాగానే రంగుల మీదకే మనసు పోతుంది. ముందు గోడ సంగతి తేల్చుకోండి.

గోడ అడుగు భాగాన్నీ, బాత్రూమ్‌కు ఆనుకున్న గోడనూ అరచేత్తో తడిమి చూడండి. ఉబ్బులో, తెల్లటి ఉప్పు పొడో కనిపిస్తే లోపల చెమ్మ ఉన్నట్టే. అనుమానంగా ఉంటే అడుగు చదరం పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ లోపలి నుంచే వస్తోంది. పైపు లీకో, శ్లాబు పగులో ముందు బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరాకే రంగు. చెమ్మ గోడ మీద ఎంత ఖరీదైన పెయింటైనా పొరలుగా ఊడిపోతుంది. పాత ఇంట్లో ఏళ్ల తరబడి వేసిన వెల్ల ఉంటే గీకించేయాలి. సున్నపు పొడి మీద ఎమల్షన్ నిలవదు. కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం 28 రోజులు వదిలేయండి.

ఇక రంగు. అంగుళం ముక్కలో లేతగా కనిపించింది గదంతా పరుచుకుంటే చిక్కగా తోస్తుంది, ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడుతుంది మరి. కాబట్టి నచ్చిన షేడుతో పాటు దానికంటే ఒక మెట్టు లేతదీ చిన్న డబ్బాల్లో తెచ్చుకోండి. కిటికీ ఎదుటి గోడ మీద, వెలుతురు తగ్గే మూలలో రెండడుగుల చదరాలుగా రెండేసి కోట్లు వేసి చూడండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక మూడు పూటలా చూడాలి. మా హాలుకు పడమటి ఎండ. మేం ముచ్చటపడ్డ పసుపు మధ్యాహ్నం మూడింటికి కళ్లలో గుచ్చుకుంది. దాని పక్కనే వేసిన బూడిద కలిసిన లేత ఆకుపచ్చ హాయిగా కనిపించింది. కార్డులో ఆ తేడా తెలియనే లేదు. నేల టైల్సు, తలుపులు మార్చం కాబట్టి ఆ రంగులకు ఏది పొసగుతుందో కూడా అప్పుడే చూసుకోండి.

సీలింగుకు తెల్ల మ్యాట్ చాలు. వంటగదికి మాత్రం శాటిన్ మేలు, నూనె మరకలు తుడిస్తే పోతాయి. అయితే మెరుపు పెరిగేకొద్దీ గోడ ఎగుడుదిగుళ్లు బయటపడతాయి.

ఎంత కొనాలి? 10×12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులైతే గోడలు 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే సుమారు 400, రెండు కోట్లకు 800. లీటరు ఒక కోటుకు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 7 లీటర్లు సరిపోతాయి. మొత్తం ఒకేసారి కలిపించండి, విడివిడిగా కలిపిస్తే షేడు కాస్త తేడా రావచ్చు. 2016 నాటి నిబంధనల ప్రకారం మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదు. డబ్బా మీద ఆ మాట ఉందేమో చూసి కొనండి. పాత ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని గీకేటప్పుడు తడిపి గీకించండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలోకి రానివ్వకండి.

పనిలో వరుస ఇది: పగుళ్లు పూడ్చడం, లప్పం, ఆరాక ఎమరీ పేపర్‌తో రుద్దడం, దుమ్ము తుడవడం, ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. కోటుకూ కోటుకూ నాలుగు గంటలైనా ఆగాలి. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి. కలిపేటప్పుడు దగ్గరుండండి, పల్చనైన పెయింట్ ఏడాదికే వెలిసిపోతుంది.

మిగిలిన పెయింట్ గట్టిగా మూత పెట్టి, డబ్బా మీద గది పేరు, షేడ్ కోడ్ రాసి దాచండి. మేకు తీసిన చోట పూయడానికి అదే కావాలి.