క్షయ మందులు వాడుతూ గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నారా?

“ఒక్క రోజు కూడా మాత్ర మానలేదమ్మా, అయినా నెల తప్పింది” అంటూ ఒక ఇల్లాలు మా కేంద్రానికి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె చంకలో ఏడాదిన్నర పిల్ల ఉంది. ఆమె చెప్పింది నిజమే. మాల-ఎన్ అట్టలోని మాత్రలన్నీ వరుస తప్పకుండానే వేసుకుంది. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? మాటల్లో అసలు సంగతి బయటపడింది. మూడు నెలలుగా ఆమె క్షయ వ్యాధికి మందులు వాడుతోంది. మాత్రలు ఇచ్చినవారికి క్షయ సంగతి తెలియదు. క్షయ మందులు ఇచ్చినవారు మాత్రల సంగతి అడగలేదు. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు.

మాల-ఎన్, మాల-డి అట్టలో 28 మాత్రలుంటాయి. వాటిలో 21 మాత్రల్లోనే హార్మోన్లు ఉంటాయి, మిగిలిన 7 ఇనుము మాత్రలు. ఈ హార్మోన్లు రక్తంలో తగినంత ఉన్నప్పుడే అండం విడుదల కాకుండా ఆగుతుంది. మనం మింగిన మందులను విడగొట్టి బయటికి పంపే పనిలో ఎక్కువ భాగం కాలేయానిది. ఆ పని చేసేవి ఎంజైములు. క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ ఈ ఎంజైములను బాగా పెంచుతుంది. పదిమంది కోసే చేలో ఇరవైమంది దిగితే ఏమవుతుంది? పొద్దెక్కకముందే చేను ఖాళీ. హార్మోన్ల గతీ అంతే. రాత్రి వేసుకున్న మాత్ర మర్నాటి దాకా నిలవదు. అండం విడుదలై గర్భం రావచ్చు.

ఇప్పుడు క్షయ మందులు కొన్ని కలిపి ఒకే మాత్రగా ఇస్తున్నారు. కాబట్టి రిఫాంపిసిన్ ఉందో లేదో చూసి పోల్చుకోవడం కష్టం. ఒక గుర్తు మాత్రం ఉంది. అది వాడేవారికి మూత్రం నారింజ రంగులో వస్తుంది. దానికి భయపడనక్కరలేదు.

“అయితే క్షయ మందు ఆపేయమంటారా?” అని ఆ ఇల్లాలు అడిగింది. ఎంతమాత్రం వద్దు! మధ్యలో మానితే జబ్బు మొండికెత్తుతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. మార్చవలసింది గర్భనిరోధక పద్ధతినే. మాత్రలు రెండేసి మింగడం కూడా పరిష్కారం కాదు.

మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజక్షను బలాన్ని రిఫాంపిసిన్ తగ్గించదు. కాపర్-టీలో హార్మోను ఉండదు కనుక దానికీ ఇబ్బంది లేదు. అయితే గర్భసంచికి క్షయ సోకినవారికి అది వేయరు. భర్త నిరోధ్ వాడవచ్చు, కాని ప్రతిసారీ వాడాలి. మగవారు ఈ సంగతి ఆడవాళ్లకే వదిలేయడం మనం చూస్తూనే ఉన్నాం. కలిసిన తర్వాత వేసుకునే అత్యవసర మాత్ర బలం కూడా ఈ మందు వల్ల తగ్గుతుంది. అలాంటప్పుడు 5 రోజుల లోపల కాపర్-టీ వేయించుకోవచ్చు.

క్షయ మందు పూర్తికాగానే మాత్రలను నమ్ముకోకండి. కాలేయం మామూలు స్థితికి రావడానికి వ్యవధి పడుతుంది. ఇంకో 4 వారాల పాటు వేరే పద్ధతి పాటించాలి.

మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజిపిన్, ఫెనోబార్బిటోన్ కూడా ఇలాంటివే. హెచ్.ఐ.వి. మందులు కొన్ని కూడా అంతే. జ్వరానికో, గొంతు నొప్పికో ఇచ్చే అమాక్సిసిలిన్ వంటివాటితో ఈ బెడద లేదు.

ఆ ఇల్లాలు క్షయ మందులు కొనసాగిస్తోంది. ఆమెకు ఇస్తున్నవి గర్భిణులు కూడా వాడదగినవే. మీరు మాత్రల కోసం వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందుల అట్టలు, చీటీలు అన్నీ సంచిలో వేసుకుని రండి. మేము అడగడం మరిచిపోయినా, మీరే తీసి చూపించండి.