ప్యానెల్‌కు పన్నెండు నిమిషాలు

ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగుకు చేపట్టిన నాడు–నేడు పనులతో పాటు హైస్కూళ్ల గోడలకు ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు) ఎక్కాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్లకు పాఠం చెప్పే టీచర్లకూ ట్యాబ్‌లు అందాయి. తెలంగాణ హైస్కూళ్లకూ ప్యానెళ్లు చేరాయి. లెసన్ ప్లాన్ మాత్రం చాలాచోట్ల పాతదే నడుస్తోంది. బోధనోపకరణాల గడిలో చార్టు, సుద్దముక్కల పక్కన ‘ఐఎఫ్‌పీ’ అని చేర్చితే ప్లాన్ మారినట్టే అనుకుంటున్నాం. ప్యానెల్ ఏ నిమిషంలో వెలగాలి, ఎందుకు వెలగాలి, వెలిగి ఉన్నంతసేపూ పిల్లల చేతులు ఏం చేస్తుండాలి, ఎప్పుడు ఆపెయ్యాలి అన్నవి ప్లాన్‌లో లేకపోతే అది క్లాసులో పెట్టిన పెద్ద టీవీ మాత్రమే.

యూనిట్ మొత్తం ముందేసుకుని కూర్చోండి. నల్లబల్ల మీద గానీ, పిల్లల చేతులతో గానీ, బడి ఆవరణలో గానీ చూపించలేనిది అందులో ఏముందో వెతకండి. విత్తనం మొలకెత్తడం చూపడానికి వీడియో అక్కర్లేదు. తడిగుడ్డలో మూటగట్టిన పెసలు మర్నాటికో ఎల్లుండికో పిల్లలకే చూపిస్తాయి. అదే గుండెలో కవాటాలు తెరుచుకుంటూ మూసుకుంటూ రక్తాన్ని ఒక్క దిక్కుకే పంపడం బల్ల మీది బొమ్మలో కనబడదు, అక్కడ ప్యానెల్ కావాలి. త్రిభుజ నిర్మాణం స్కేలు, వృత్తలేఖినితో పిల్లవాడి నోటుబుక్కులోనే జరగాలి. సరళరేఖ వాలు మారుతుంటే గీత ఎలా తిరుగుతుందో చూపడానికి మాత్రం గణిత సాఫ్ట్‌వేర్ జియోజిబ్రాలోని స్లయిడర్‌ను మించింది లేదు. ఇలా జల్లెడ పట్టాక యూనిట్‌లో ప్యానెల్ అవసరమయ్యే చోట్లు కొన్నే తేలతాయి. వాటి మీదే శ్రమ పెట్టండి.

పదో తరగతి ఓమ్ నియమాన్ని తీసుకుందాం. నలభై అయిదు నిమిషాల పీరియడ్. మొదటి పద్దెనిమిది నిమిషాలు ప్యానెల్ జోలికి పోవద్దు. సెల్స్, నిక్రోమ్ తీగ, అమ్మీటరు, వోల్ట్‌మీటరుతో వలయం కట్టించండి. ఒక సెల్‌తో, రెంటితో, మూడింటితో రీడింగులు తీయించి, వోల్టేజిని కరెంటుతో భాగించమనండి. నిష్పత్తులు దగ్గర దగ్గరగా వస్తాయి, అచ్చంగా ఒకటే రావు. ఆ తేడాలను నల్లబల్ల మీద అలాగే రాసి ఉంచండి.

ఆ తర్వాత పన్నెండు నిమిషాలు ప్యానెల్‌వి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫెట్ సిమ్యులేషన్లలో ఓమ్ నియమం ఒకటి. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. తెర మీద రెండే స్లయిడర్లు ఉంటాయి, ఒకటి వోల్టేజికి, మరొకటి నిరోధానికి. 4.5 వోల్టులు, 500 ఓములు పెడితే కరెంటు 9 మిల్లీ ఆంపియర్లని చూపిస్తుంది. ఇక్కడ ఆగండి. నిరోధాన్ని 1000 ఓములకు పెంచితే కరెంటు ఎంతవుతుందో ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాయాలి. అందరూ రాశాకే స్లయిడర్ కదలాలి. 4.5 మిల్లీ ఆంపియర్లని కనబడగానే, తప్పు రాసిన పిల్లల్లో ఒకరిని ఎలా ఆలోచించారో నెమ్మదిగా అడగండి. తర్వాత, నిరోధం 1000 దగ్గరే ఉంచి కరెంటును మళ్లీ 9కి తేవాలంటే ఏం చెయ్యాలని అడగండి. వోల్టేజిని 9 వోల్టులకు పెంచాలని వెనక బెంచీ నుంచి జవాబు వస్తే, స్లయిడర్ జరపడానికి ఆ పిల్లనే పిలవండి. ఊహించి రాసుకున్నాక చూసినది పిల్లల్లో నిలుస్తుంది. ఊరికే చూపించిన యానిమేషన్ ఎంత బాగున్నా బెల్లు కొట్టేసరికి జారిపోతుంది.

ఇక్కడొక జాగ్రత్త. సిమ్యులేషన్‌లో అంకెలు ఎప్పుడూ నిక్కచ్చిగా వస్తాయి. అది చూసి పిల్లలు తమ రీడింగులే తప్పనుకుంటారు. అసలు తీగలో కరెంటు పారితే వేడెక్కుతుందని, వేడికి నిరోధం మారుతుందని, తెర మీది తీగకు ఆ వేడి లేదని చెప్పండి. బల్ల మీద ఉంచిన నిష్పత్తులు అప్పుడు పనికొస్తాయి. సైన్సు టీచరుకు మొత్తం పీరియడ్‌లో ఇంతకన్నా విలువైన నిమిషం దొరకదు. మిగిలిన పదిహేను నిమిషాల్లో ప్యానెల్ ఆపేసి లెక్కలు చేయించండి.

కరెంటు పోతే? నెట్ రాకపోతే? ప్లాన్‌లో దీనికి విడిగా ఒక వరుస ఉండాలి. పైన చెప్పిన పన్నెండు నిమిషాలకు ప్రాణం స్లయిడర్ కదిపే ముందు అడిగిన రెండు ప్రశ్నలే కాబట్టి అవే అంకెలను బల్ల మీద రాసి, అవే ఊహలు రాయించి, లెక్క కట్టి సరిచూసుకోవచ్చు. ప్రశ్నలు ముందు సిద్ధమై ఉంటే యంత్రం మొరాయించినా పీరియడ్ పోదు. నెట్ మీద ఆధారపడటం కూడా తగ్గించుకోవచ్చు. ఫెట్ సిమ్యులేషన్లను ముందే దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో తెరుచుకునే వీడియోలను కూడా ముందు రోజే ఇంటి దగ్గర దించుకోవచ్చు. వీడియోను మొదటి నుంచి చివరి దాకా మీరు చూడకుండా పిల్లలకు చూపించొద్దు. పది నిమిషాల వీడియోలో మీకు కావలసింది రెండు నిమిషాలే అయితే, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్లాన్‌లో రాసుకోండి.

ట్యాబ్‌లు చాలకపోతే ముగ్గురికో నలుగురికో ఒకటి ఇస్తాం. అప్పుడు ట్యాబ్ పట్టుకున్న పిల్లవాడొక్కడే నేర్చుకుంటాడు, మిగతావాళ్లు అతని భుజం మీదుగా తొంగిచూస్తారు. ఆడపిల్లలు చాలాసార్లు వెనకే ఉండిపోతారు. ఒకరు పరికరం తాకాలి, ఒకరు ఊహ చెప్పాలి, ఒకరు రాయాలి. ఈ పనులు ప్రతి ప్రశ్నకూ చేతులు మారాలి. ఎవరి తర్వాత ఎవరో మీరే రాసి గోడకు అంటించండి. పిల్లలకే వదిలేస్తే గొంతున్నవాడిదే రాజ్యం.

ఇంటిపనిని ఫోన్‌కు ముడిపెట్టే ముందు ఆలోచించండి. అసర్ 2024 గ్రామీణ సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో 57 శాతం మంది అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి స్మార్ట్‌ఫోన్ వాడామన్నారు. సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. ఇంట్లో ఫోన్ ఉన్నా అది నాన్నతో పాటు పనికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుతుంది. అందుకే వాట్సాప్‌లో పంపిన వర్క్‌షీటు మర్నాడు ఉదయం బడిలో కాగితం మీద కూడా దొరకాలి. ఫోన్ లేని కారణంగా ఏ బిడ్డకూ మార్కు తగ్గకూడదు.

వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. క్విజ్ యాప్‌లో పిల్లల పేరు, ఫోన్ నంబరు నింపించే బదులు రోల్ నంబరుతో పని కానివ్వండి. మార్కుల జాబితాను గ్రూపులో పెట్టకండి. ఏఐతో ప్రశ్నలు తయారుచేసుకోవడం తప్పేమీ కాదు, సమయం కలిసొస్తుంది. అయితే ప్రతి జవాబునూ మీరే ఒకసారి చేసి చూడాలి, పదాలను పాఠ్యపుస్తకంతో పోల్చుకోవాలి. అంకెలు తప్పిన ప్రశ్న క్లాసులో బయటపడితే పిల్లలు తికమకపడతారు.

బడిలో ఒకటో రెండో ప్యానెళ్లుండి సెక్షన్లు ఎక్కువైతే టైమ్‌టేబుల్ దగ్గరే చిక్కు వస్తుంది. హెచ్‌ఎంను ఊరికే ‘ప్యానెల్ గది కావాలి సార్’ అని అడిగితే తేలదు. ‘సార్, ఈ నెలలో నాకు నాలుగు పీరియడ్లే కావాలి. తేదీలు, పాఠాలు ఇవి. మిగతా రోజుల్లో ఆ గది సోషల్ మేడమ్ వాడుకోవచ్చు’ అని కాగితంతో వెళ్లండి. తనిఖీకి వచ్చిన అధికారి ప్యానెల్ ఎందుకు ఆపేసి ఉందని అడిగినా భయపడక్కర్లేదు. ‘ఈ రోజు పిల్లలే చేతులతో చేస్తున్నారండీ, రేపటి పీరియడ్‌లో ప్యానెల్ ఉంది’ అని ప్లాన్ తీసి చూపించండి. ఏ రోజు ఎందుకు వాడలేదో రాసి ఉన్న ప్లాన్ మీ తరఫున మాట్లాడుతుంది.

పీరియడ్ అయ్యాక ప్లాన్ మార్జిన్‌లో రెండు వరుసలు రాయండి. ఎక్కడ ఆలస్యమైంది, ఏ ప్రశ్నకు ఎక్కువమంది తప్పు ఊహ రాశారు. నిరోధం రెట్టింపయితే కరెంటు కూడా రెట్టింపవుతుందని సగం క్లాసు రాస్తే, వచ్చే ఏడాది ఆ పాఠం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. ఈ వరుసలతో పాటు సిమ్యులేషన్ ఫైళ్లు, దించుకున్న వీడియోలు, ఆపాల్సిన నిమిషాలు, కరెంటు లేనప్పటి ప్రశ్నలు పాఠాల వారీగా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సబ్జెక్టు పేరు రాసి బడిలో ఉంచండి. వేసవిలో బదిలీ అయి మీరు మరో మండలానికి వెళ్తే, మీ స్థానంలో చేరే టీచరుకు జూన్‌లో బడి తెరిచిన రోజే అది అందాలి.