ఇంగ్లీషు కాన్సర్టీనాపై స్వరాలంకారములు

చార్లెస్ వీట్‌స్టన్ 1844 సం॥న లండనులో పేటెంటు పొందిన కాన్సర్టీనా, రెండు చేతుల నడుమ పట్టుకొని వాయించు చిన్న తిత్తివాద్యము. ఇంగ్లీషు పద్ధతి కాన్సర్టీనాలో తిత్తిని చాచినను మూసినను ఒక మీట ఒకే స్వరమును పలుకును. స్వరలిపిలో గీతలపైనున్న స్వరములు ఎడమచేతికిని, గీతల నడుమనున్నవి కుడిచేతికిని చెందును.

దీనిపై స్వరమును వంచుట సాధ్యము గాదు; కావున మన గమకము లిందు పలుకవు. ఐర్లండు నాట్యగీతములను వాయించువారు ఇరుగుపొరుగు స్వరములను క్షణమాత్రము తాకి పాటను అలంకరింతురు. 'రోల్' అను అలంకారమును జూడుడు: జి, ఏ, జి, ఎఫ్, జి. ఇందు జి ఎడమచేతిది. ఏ, ఎఫ్ కుడిచేతివి. ఒక వ్రేలు లేచిన పిమ్మటనే రెండవది మీటను తాకవలెను. లేనియెడల రెండు స్వరములును కలిసి కర్ణకఠోరమగును. ఈ అయిదు స్వరములును మూడు క్వేవరుల కాలములోనే ఇముడవలెను. నడుమ తిత్తిని త్రిప్పరాదు.

మేము నేర్చుకొను దినములలో అలంకారములకే ఆశపడి తాళమును పోగొట్టుకొంటిమి. అది యే పాటయో వినువారికి తెలియకపోయెను. పిమ్మట అలంకారములన్నియు విడిచి, ఒక వారము పాటను మాత్రమే కాలితో తాళము వేయుచు వాయించి, అటుతరువాత ఒక్కొక్కటిగా చేర్చితిమి. మీరును అట్లే చేయుడు. తాళము తప్పునప్పుడు అలంకారమునే విడువుడు, పాటను విడువకుడు.