తాగుడు మాన్పడం పది రోజుల పని, మనిషిని నిలబెట్టడం ఏడాది పని





చదువుల సహాయం గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి, రంజాన్ రేషన్ గురించి మనం ఏటా రాసుకుంటాం. తాగుడు గురించి మాత్రం రాయం. హరామ్ అని అందరికీ తెలిసిన విషయం మీద రాయడానికేముంది అనుకుంటాం. కానీ హరామ్ అని తెలిసినంత మాత్రాన మన బస్తీల్లో తాగేవారు లేకుండా పోలేదు. సిగ్గు వల్ల ఆ సంగతి గడప దాటి రావడం లేదంతే. రేషన్ కోసం మన దగ్గరకు వచ్చే కొన్ని ఇళ్లలో పేదరికం వెనుక ఉన్న అసలు జబ్బు అదే. ఆ జబ్బు ముదిరి ఇంటినే పోగొట్టుకున్న మనిషిని మళ్లీ నిలబెట్టడం ఎలా, అందులో మన డబ్బు ఎక్కడ పనికొస్తుంది అన్నదే ఈ పాఠం.

ఇల్లు ఎలా పోతుంది?

ఒక ఆటో డ్రైవరును ఊహించుకుందాం. మొదట సాయంత్రం మాత్రమే తాగేవాడు. కొన్నేళ్లకు, పొద్దున్నే ఒక గుక్క పడితేగాని చేతుల వణుకు ఆగని స్థితికి వచ్చాడు. ఫైనాన్స్ కిస్తీలు ఆగిపోయి ఆటో పోయింది. అద్దె బాకీ పడింది. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. అన్న ఇంట్లో నెల రోజులు ఉన్నాడు. తర్వాత వదినగారు ఇక చాలన్నారు. కొన్నాళ్లు దర్గా దగ్గర, కొన్నాళ్లు బస్టాండులో, చివరికి ఫుట్‌పాత్ మీద. ఈలోగా ఆధార్ కార్డు, ఫోను, లైసెన్సు అన్నీ పోయాయి. అవి లేక పని దొరకదు, గది అద్దెకు ఇవ్వరు. ఫుట్‌పాత్ మీద చలికి, దోమలకు, అవమానానికి తాళలేక మళ్లీ తాగుతాడు. తాగుడు ఇంటిని తీసుకుపోయింది, ఇల్లు లేకపోవడం తాగుడును పెంచుతోంది. ఒక్కదాన్నే పట్టుకుంటే రెండోది వచ్చి చేసిన పనిని చెడగొడుతుంది.

ఇది ఒకరిద్దరి కథ కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి పైగా సహాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. మద్యానికి బానిసలైన వారిలో ఏదో ఒక చికిత్స అందినవారు 38 మందికి ఒక్కరే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారిగా నమోదైనవారు 17.7 లక్షల మంది.

మన ధర్మం చూపిన దారి

మద్య నిషేధం ఒక్క రోజులో రాలేదు. దివ్య ఖుర్ఆన్ మొదట అందులో లాభం కన్నా పాపమే ఎక్కువని తెలిపింది. తర్వాత మత్తులో నమాజుకు దగ్గర కావద్దంది. ఆ తర్వాతే మాయిదా సూరాలో పూర్తి నిషేధం వచ్చింది. ఆ ఆజ్ఞ వినగానే మదీనా ప్రజలు తమ దగ్గరున్న మద్యాన్ని వీధుల్లో పారబోశారు. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. అందరూ కలిసి మానారు. మానేవాడికి పక్కింటివాడు, స్నేహితుడు, బంధువు అందరూ తోడుగా ఉన్నారు.

నిషేధం తర్వాత కూడా పడిపోయినవారు లేకపోలేదు. తాగి పలుమార్లు పట్టుబడి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపిస్తే దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. మరో సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడవద్దని హెచ్చరించారు. పాపాన్ని పాపమే అన్నారు, మనిషిని మాత్రం జమాత్ నుంచి వెలివేయలేదు.

ఇక ఇల్లు లేనివారి సంగతి. మస్జిదె నబవీని ఆనుకుని సుఫ్ఫా అనే నీడపట్టు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని పేద సహాబాలు అక్కడ ఉండేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. భోజనం వేళకు ఊరివారు వారిలో ఒకరిద్దరిని తమ ఇళ్లకు తీసుకెళ్లేవారు. నీడ, అన్నం, చదువు, తోడు నాలుగూ ఒకే చోట దొరికాయి. నేడు మనం వెతుకుతున్న నమూనా ఇదే.

మొదటి పది రోజులు వైద్యుడివి

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, లేని మాటలు వినిపిస్తాయి. ఆ దశలో చికిత్స లేకపోతే చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు కొద్ది రోజుల పాటు మందులిచ్చి, మోతాదు తగ్గిస్తూ మాన్పుతారు. మెదడు దెబ్బతినకుండా విటమిన్ బి1 ఇస్తారు.

రంజాన్ విషయంలో మనం మరీ జాగ్రత్తగా ఉండాలి. నెలవంక కనిపించగానే సీసా వదిలేసేవారు మన బస్తీల్లో ఉన్నారు. సంకల్పం గొప్పదే. అప్పుడప్పుడు తాగేవాడైతే ఫర్వాలేదు. పొద్దున్న లేవగానే తాగే అలవాటు పడినవాడు మాత్రం నెలవంకకు ముందే డాక్టరును కలవాలి. లేకపోతే రెండో రోజా నాడు వణుకుతుంటే ఇంట్లోవారు అది ఉపవాసపు నీరసమనుకుంటారు, ఆస్పత్రికి తీసుకెళ్లరు. వ్యాధిగ్రస్తులు ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యం దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. ఈ ఒక్క మాట ఇమామ్ గారు షాబాన్ నెలలో ఒక జుమా ఖుత్బాలో చెప్తే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలపమని అమ్మే పొడుల జోలికి ఎవరూ వెళ్లకూడదు. మానిపించే మందుల్లో ఒకటి మద్యంతో కలిస్తే గుండెకు ప్రమాదం తెచ్చిపెడుతుంది. రోగికి చెప్పి, అతని ఒప్పుదలతో, డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వవలసిన మందు అది.

ఆస్పత్రి గేటు బయట

పది పదిహేను రోజుల్లో ఒంట్లో మద్యం ఆనవాలు లేకుండా పోతుంది. మనిషి తేటగా ఉంటాడు, కన్నీళ్లతో తౌబా చేస్తాడు. కేసు పూర్తయిందని మనమూ ఫైలు మూసేస్తాం. అతను గేటు దాటాక ఎక్కడికి వెళ్లాలి? ఇల్లు లేదు. తెలిసిన చోటు ఆ ఫుట్‌పాతే, తెలిసిన మనుషులు ఆ తాగుబోతులే. ఆ సాయంత్రమే అతని చేతిలో గ్లాసు ఉంటే తప్పు ఎవరిది? మనం చికిత్సకు పెట్టిన డబ్బంతా ఆ ఒక్క సాయంత్రంతో పోతుంది.

దాతల డబ్బు అన్నిటికన్నా అవసరమైన చోటు ఇదే. ఆస్పత్రి గేటుకూ సొంత గదికీ మధ్య ఉన్న ఆరు నెలలు, ఏడాది. ఈ కాలానికి ఇచ్చేవారు తక్కువ. ఎందుకంటే ఇందులో ఫొటో తీసుకోదగ్గది ఏమీ ఉండదు. ఒక మంచం, తాళం వేసుకునే ఒక పెట్టె, మూడు పూటల తిండి, రాత్రి పలకరించే ఒక మనిషి. అంతే.

పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లు నడిచే ఆశ్రయ గృహాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. మన ఊళ్లో మున్సిపాలిటీ షెల్టర్ ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. ఉంటే, కోలుకుంటున్నవారికి అందులో వేరే గది అడగవచ్చు. లేకుంటే నలుగురైదుగురికి ఒక అద్దె ఇల్లు చాలు. ఆ ఇంట్లో నిబంధనలు కొద్దిగా, స్పష్టంగా ఉండాలి. లోపల మద్యం ఉండకూడదు. వంట, శుభ్రత వంతులవారీగా చేసుకోవాలి. డాక్టరు చెప్పిన రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మొదటి నెలలోనే కాగితాల పని చూడాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు తిరిగి సంపాదించాలి. పని రెండో నెలలో చూడవచ్చు. ఏ రోజు కూలి ఆ రోజు చేతిలో పడే పని మొదట్లో మంచిది కాదు. వారానికోసారి ఖాతాలో జీతం పడే పని, చీకటి పడేలోగా ముగిసే పని నయం. వెల్డింగ్ షాపు, టైలరింగ్, బేకరీ నడుపుతున్న దాతలు ఒక్కొక్కరు ఒక్క మనిషికి చోటిచ్చినా అది పెద్ద విరాళమే.

తోడు ఎవరు?

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో మొదలైంది. తాగుడుతో నాశనమైన ఇద్దరు, ఒకరికొకరు తోడు నిలిచి మానడం దాని పునాది. నేడు మన నగరాల్లోనూ దాని సమావేశాలు జరుగుతాయి. రుసుము లేదు, బయటివారి విరాళాలు తీసుకోరు. మానినవాడి మాట మానాలనుకునేవాడికి ఎక్కినట్టు మన ఉపన్యాసం ఎక్కదు. కుటుంబాలకు వేరేగా అల్-అనాన్ సమావేశాలున్నాయి.

తెలుగు నేల మీదే మరో పాఠం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవారు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారి తీసింది. 1997లో నిషేధాన్ని ఎత్తేశారు. చట్టం వస్తుంది, పోతుంది. పక్కన నిలబడే మనుషులు ఉండాలి. మసీదు కమిటీ ప్రతి మనిషికీ ఇద్దరు సోదరులను అప్పగించవచ్చు. వారు మగ్రిబ్ తర్వాత కాసేపు అతనితో కూర్చుని టీ తాగితే చాలు. ఈద్ రోజు అతన్ని తమ దస్తర్ఖాన్ మీదకు పిలవాలి. నెల రోజులు నిగ్రహించుకున్నవాడు పడిపోయేది చాలాసార్లు పండుగ రాత్రే.

మళ్లీ తాగితే?

కొందరు మళ్లీ తాగుతారు. ఇది ముందే తెలుసుకుని బడ్జెట్ వేసుకోవాలి. షుగర్, బీపీలాగే ఇదీ తిరగబెట్టే జబ్బు. షుగర్ పెరిగిన రోగిని మనం ఆస్పత్రి నుంచి గెంటివేయం కదా. తిరగబెడితే తిట్టకుండా మొదటి రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. భార్యకు, పిల్లలకు మాత్రం తొందరపెట్టి రాజీ చేయకూడదు. దెబ్బలు తిన్న ఇల్లాలికి ఎదురుచూసే హక్కుంది. ఆమె రేషన్, పిల్లల ఫీజులు అతని కోలుకోవడంతో ముడిపెట్టకుండా ఇవ్వాలి.

దాతలకు కొన్ని సూచనలు

ఒకటి, జకాత్. తౌబా సూరా 60వ ఆయతులోని ఎనిమిది వర్గాలలో నిరుపేదలు, అప్పుల్లో మునిగినవారు ఉన్నారు. అయితే జకాత్ సొమ్ము హక్కుదారుని చేతికి చేరాలన్నది హనఫీ ఉలమాల మాట. కాబట్టి ఇంటి అద్దె, వంటమనిషి జీతం వంటివి సదఖా, లిల్లాహ్ నిధి నుంచి పెట్టడం మేలు. తాగే దశలో ఉన్నవాడికి నగదు ఇవ్వకుండా మందులు, బట్టలు, ఆహారం ఇవ్వాలి. సందేహముంటే మీ ఉలమాలను అడగండి.

రెండు, కేంద్రం ఎంపిక. డీ-అడిక్షన్ కేంద్రానికి 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద నమోదు ఉందా, డాక్టరు వస్తున్నాడా చూడండి. గొలుసులతో కట్టే చోటికి, కొట్టే చోటికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి కూడా సలహా పొందవచ్చు.

మూడు, ఒకేసారి పెద్ద మొత్తం కన్నా ఏడాది పొడవునా నెలకింత అని ఇవ్వండి. పది మంది దాతలు కలిస్తే ఒక మనిషి ఏడాది గడుస్తుంది.

నాలుగు, గోప్యత. అతని ఫొటో, పేరు అడగకండి. ఎవరికి అందిందన్నది అల్లాహ్‌కు తెలుసు. ఎంత ఖర్చయిందన్న లెక్క మాత్రం సొసైటీని తప్పక అడగండి.

కరుణామయుడైన అల్లాహ్ పడిపోయినవారికి లేచే శక్తిని, మనకు వారి చెయ్యి విడవని ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.