బరువైన బానెట్

బరువు మోయువాడు బలవంతుడని లోకము తలంచును. ఆ బరువును ఎచ్చట పట్టవలెనో ఎరిగినవాడే నేర్పరియని పనివారు చెప్పుదురు. ఈ మాటలోని సత్యమును గ్రహించుటకు, పాత పికప్ బండికి బానెట్ బిగించు పనిని పరిశీలింతము.

పికప్ అనగా ముందు ఇంజనును, నడుమ డ్రైవరు గదియు, వెనుక సరకులు నింపుకొను పైకప్పు లేని తొట్టియు గల చిన్న లారీ. అమెరికాలోని ఫోర్డు సంస్థ 1925లో తన టి నమూనా కారునకు కర్మాగారముననే ఇట్టి తొట్టిని అమర్చి విక్రయింపసాగెను. మన దేశమున 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ డాడ్జి, ఫార్గో లారీలను తయారు చేసెను. 1954లో టాటా వారు జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సంస్థ సహకారముతో లారీల నిర్మాణమునకు పూనుకొనిరి. ఆ కాలపు బండ్లకు దళసరి ఉక్కు రేకు వాడుట పరిపాటి. ఇంజనును కప్పు రేకు మూతయే బానెట్. అమెరికనులు దీనిని హుడ్ అందురు.

బాపట్ల జిల్లాలోని పిట్టలవానిపాలెము కృష్ణా పశ్చిమ డెల్టాలోని వరిపొలముల సీమ. ధాన్యపు బస్తాలు మోయు బండ్లకు ఇట్టి చోట పని కొదవ ఉండదు. కాని సముద్రము దవ్వు కాదు. రంగు చెదరిన చోట నీరును, ప్రాణవాయువును సోకి ఇనుము తుప్పు పట్టును. గాలిలోని ఉప్పు ఆ మార్పును త్వరపెట్టును. కనుక పాత బండిని కాపాడుకొనగోరువారు బానెట్‌ను ఊడదీసి, తుప్పు గీకించి, రంగు వేయించి, మరల బిగింపవలసి వచ్చును. ఊడదీయుట సులభము, బిగించుటయే కష్టము.

దాని బరువెంతో లెక్కింపుడు. ఒక చదరపు మీటరు వైశాల్యము, ఒక మిల్లీమీటరు మందము గల ఉక్కు రేకు సుమారు 7.85 కిలోగ్రాములు తూగును. రెండు చదరపు మీటర్ల రేకును, లోపలి బలపు పట్టీలను కలిపి బానెట్ 24 కిలోగ్రాములున్నదనుకొందము. దాని వెనుక అంచు కీళ్లకు బిగించి ఉన్నపుడు, ముందు అంచు పట్టి ఎత్తువానికి 12 కిలోగ్రాముల బలము చాలును. కీళ్లనుండి నాలుగవవంతు దూరమున పట్టి ఎత్తువానికో, 48 కిలోగ్రాముల బలము కావలెను! బరువు అంతటను సమముగా వ్యాపించి ఉన్నదని తలంచి చేసిన లెక్క ఇది. తులాదండ సూత్రమును గ్రీకు పండితుడైన ఆర్కిమెడీజు రెండువేల సంవత్సరములకు పూర్వమే నిరూపించెను.

ఇక ఒక పల్లెటూరి మరమ్మతు పాకను ఊహింపుడు. రంగు ఆరిన బానెట్ గోడకు ఆనించి ఉన్నది. పని నేర్చుకొను కుఱ్ఱవాడు చేతులు చాచి, “మేస్త్రిగారూ, దీనిని నేనొక్కడనే ఎత్తగలను” అనెను.

“ఎత్తగలవురా అబ్బాయీ! తిన్నగా దింపగలవా?” అని మేస్త్రి నవ్వెను. “వ్రేలు నలిగిన పిమ్మట బలముండి ఏమి లాభము?”

ఊడదీయుటకు ముందే మేస్త్రి కీళ్ల చుట్టును సుద్దతో గీతలు గీసియుంచెను. ఇప్పుడు మడ్‌గార్డులపై పాత దుప్పట్లు పరపించెను. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు నిలిచి, ఒకని మాటకే నలుగురును కదలిరి. కీళ్లు సుద్దగీతలలో కూర్చుండగానే మేస్త్రి బోల్టులను చేతివ్రేళ్లతో మాత్రమే త్రిప్పి నిలిపెను. ఒక బోల్టును ముందే గట్టిగా బిగించినచో తక్కినవాని రంధ్రములు కలియవు. అన్నియు ఎక్కిన పిదపనే పానా పట్టవలెను.

కుఱ్ఱవాడు బానెట్‌ను దభాలున మూయబోయెను. మేస్త్రి వారించి, ఇంజనుపై ఎత్తుగా నున్న గాలి వడపోత డబ్బామీద చిన్న బంకమట్టి ఉండ నుంచి, మూతను మెల్లగా దింపించి, మరల తెరపించెను. ఉండ పలుచని రేకువలె అణగియుండెను. దభాలున మూసియున్నచో క్రొత్త రంగు వేసిన రేకు సొట్టపడెడిదే. కుఱ్ఱవాడు మాటాడక ముందున్న రబ్బరు దిమ్మలను కొంచెము పైకి త్రిప్పెను. రెండు ప్రక్కల సందులును సమమగువరకు కీళ్లను సవరించి బోల్టులను బిగించిరి.

అంతటితో పని ముగియలేదు. ముందు తాళము జారినను మూత లేవకుండ పట్టియుంచుటకు రెండవ కొక్కెము ఉండును. బండి వేగము రెట్టింపైనచో గాలి త్రోపుడు నాలుగు రెట్లగును. కొక్కెము పట్టనిచో బానెట్ లేచి డ్రైవరు కన్నులకు అడ్డుపడును. ఎదురు వచ్చువారి ప్రాణములకును ముప్పు వాటిల్లును. అందుచే మేస్త్రి మొదటి తాళమును విప్పి, మూతను పైకి లాగి, కొక్కెము పట్టుచున్నదో లేదో కుఱ్ఱవానిచేతనే పలుమారులు పరీక్షింపజేసెను.

విద్యార్థులారా! ఆ బండి రేపు ఏ దారిని పోవునో మేస్త్రి ఎరుగడు. దారిన నడచు బాటసారియు మేస్త్రిని ఎరుగడు. అయినను ఆతని క్షేమము ఈ చిన్న కొక్కెముపై ఆధారపడియున్నది. ఎవరును చూడని చోట సైతము పనిని సరిగా ముగించుటయే నిజమైన పనితనము.

ప్రశ్నలు

1. బానెట్‌ను కీళ్లకు దగ్గరగా పట్టి ఎత్తుట ఏల కష్టము?
2. బోల్టులను మొదటనే గట్టిగా బిగింపరాదు. కారణమేమి?
3. బంకమట్టి ఉండ కుఱ్ఱవానికి ఏమి నేర్పెను?
4. మీ ఊరిలోని ఒక పనివాని నేర్పును గూర్చి పది వాక్యములు వ్రాయుడు.