పిరమిడ్ ఎక్కారా?

ఈజిప్టు వెళ్లి వచ్చానని చెప్పగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "పిరమిడ్ ఎక్కారా?" బయట ఎక్కలేదు, ఎక్కనివ్వరు. లోపల ఎక్కాను. ఈ రెండింటికీ ఉన్న తేడా మన పిల్లలకూ చెప్పదగినది.

గీజాలోని ఖుఫు పిరమిడ్ వయసు సుమారు 4,600 ఏళ్లు. కట్టినప్పుడు దాని ఎత్తు 146 మీటర్లకు పైనే. ఇప్పుడు దాదాపు 138. దూరం నుంచి మెట్లలా కనిపించేవి నిజానికి మెట్లు కావు. ఒకప్పుడు వాటిపై నున్నటి తెల్ల సున్నపురాయి తొడుగు ఉండేది. మధ్యయుగాల్లో ఆ రాళ్లను ఊడదీసి కైరోలో కట్టడాలకు వాడుకున్నారు. పక్కనున్న ఖఫ్రే పిరమిడ్ కొన దగ్గర ఆ తొడుగు కొంత మిగిలే ఉంది. మనకు కనిపించే వరుసల్లో కొన్ని మీటరు కంటే ఎత్తు. కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైగా ఎక్కే ప్రతి పాదమూ రాయిని అరగదీస్తుంది. అందుకే అనుమతి లేకుండా ఎక్కడం అక్కడ నేరం.

లోపలికి టికెట్ కొని వెళ్లవచ్చు. పైకి వెళ్లే దారి ఎత్తు సుమారు 1.2 మీటర్లే, పొడవు 39 మీటర్లు. రెండు అడుగులు ముందుకు వేస్తే ఒక అడుగు పైకి లేస్తాం. నడుం వంచే ఎక్కాలి. అది దాటగానే 8 మీటర్లకు పైగా ఎత్తున్న పెద్ద నడవా వస్తుంది. చివర అస్వాన్ నుంచి నైలు నది మీద తెచ్చిన గ్రానైట్ గది, అందులో మూత లేని ఖాళీ రాతి పెట్టె. అంతే. మోకాళ్ల నొప్పులు, ఆయాసం, ఇరుకు చోట్లంటే భయం ఉన్నవారు బయటి నుంచి చూడటమే మంచిది.

బయటకు వచ్చాక నాలోని బ్యాంకు ఉద్యోగి లెక్క వేశాడు. రాళ్లు దాదాపు 23 లక్షలని అంచనా. ఇరవై ఏళ్లు పట్టిందనుకుంటే రోజుకు 315. రోజుకు పది గంటల పని అయితే రెండు నిమిషాలకో రాయి! లెక్కాపత్రం లేకుండా సాగే పనేనా?

ఆ పత్రాలు దొరికాయి కూడా. 2013లో ఎర్రసముద్ర తీరాన వాదీ అల్ జర్ఫ్‌లో పియేర్ తాలే బృందానికి ఖుఫు కాలపు పపైరస్ కాగితాలు లభించాయి. మెరెర్ అనే అధికారి తూరా గనుల నుంచి గీజాకు పడవల్లో సున్నపురాయి చేరవేసిన దినచర్య అందులో ఉంది. పది రోజులకు రెండు మూడు ట్రిప్పులు వేసేవారు. ఆహార సరఫరాల పట్టికలూ ఉన్నాయి: రావలసినది ఎంత, వచ్చినది ఎంత, బాకీ ఎంత. మన లెడ్జర్‌కు తాతముత్తాతలన్నమాట!

పిరమిడ్లను బానిసలు కట్టారన్న మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ పనివారి సమాధులు 1990లో ఆ పిరమిడ్లకు దగ్గరలోనే బయటపడ్డాయి. వారి అస్థిపంజరాల్లో విరిగి, కట్టు కట్టగా అతుక్కున్న ఎముకలు కనిపించాయి. వారికి వైద్యం జరిగింది, గౌరవంగా సమాధీ దక్కింది.

గీజా వెళ్లేవారు పిల్లలకు ముందు మెరెర్ కథ చెప్పండి. అప్పుడు వాళ్లు ఆ రాళ్ల ముందు నిలబడి "ఎక్కుదామా" అనడం మాని, "ఇది ఏ పడవలో వచ్చిందో!" అంటారు.